మీసం గీసిన ట్యూబు

మీసం లేని మొహం కనిపిస్తే మా పిన్ని చెయ్యి ఊరుకోదు. పేపర్లో పెళ్లికూతురి ఫోటో అయినా, సబ్బు డబ్బా మీద నవ్వే పాపాయి అయినా, పెన్ను తీసి రెండు కొసలూ మెలితిప్పిన మీసం గీసేస్తుంది. మొహం లేకపోయినా ఇబ్బంది లేదు, ఒకసారి గ్యాస్ సిలిండర్‌కి గీసింది. నా స్కూలు గుర్తింపు కార్డుకి కూడా గీస్తే, ఆ కార్డుతోనే వెళ్లి పరీక్ష రాశాను. పర్యవేక్షకుడు కార్డు చూసి, నన్ను చూసి, మళ్లీ కార్డు చూసి, "ఎప్పుడు తీయించావమ్మా?" అని అడిగి ముందుకెళ్లిపోయాడు.

అందుకే ఆ పొద్దున ఆస్పత్రి నుంచి వచ్చిన మంచు డబ్బా మూత తీసి, ఒక ట్యూబు మీద అంకెల పక్కన చీమంత మీసం చూసేసరికి, మంచు ముట్టుకోకముందే నా చేతులు చల్లబడిపోయాయి.

మా ల్యాబు ఆస్పత్రి వెనక భవనంలో, కింది అంతస్తులో ఉంటుంది. పై నుంచి రోగుల కణాలు వస్తాయి. పేర్లుండవు, అంకెలే. ఎవరివో మాకు తెలియకూడదు. తెలిస్తే కళ్లు తమకి కావలసింది చూస్తాయి, లేదా భయపడేది చూస్తాయి. పొరపాటున తెలిసిందా, ల్యాబు నడిపే మేడమ్‌కి చెప్పి పక్కకి తప్పుకోవాలి. ఇదే మా ల్యాబులో మొదటి రూలు. ల్యాబులో టీ తాగకూడదన్నది రెండోది, దాన్నెవరూ పాటించరు.

పిన్నికి జబ్బు అని తెలుసు. ఊపిరితిత్తి చుట్టూ నీరు పడుతోందనీ తెలుసు. కొత్త మాత్ర మొదలుపెట్టారనీ తెలుసు. ఆ నీటిలోంచి తీసిన కణాలు తిన్నగా నా బల్ల మీదికే వస్తాయని మాత్రం తెలియదు. అంకెల లేబులు మీద మీసం గీయడానికి ఆ నీరు తీసిన నర్సుకి పిన్ని ఏం కథ చెప్పిందో దేవుడికే తెలియాలి.

చెప్పి తప్పుకోవాలి. నేను చెప్పలేదు. తప్పుకుంటే ఆ ట్యూబు ఇంకొకరి చేతిలోకి పోతుంది, అందులో ఏముందో నాకు ఎప్పటికీ తెలియదు. ల్యాబు తలుపు బయట కూర్చోవడం కంటే లోపల ఉండి చూడటమే నయమనిపించింది. భయం మనిషికి ఇచ్చే సలహాలన్నీ ఇలాగే ఉంటాయి.

ఇంతకీ ఆ ట్యూబులో మేం చూసేదేమిటో పిన్నికి తెలుసు. మాత్ర మొదలుపెట్టిన రోజే అడిగింది.

"ఏమే కోతీ, ఇది లోపలికెళ్లి ఏం చేస్తుందే?"

"కణంలో ఒక ప్రోటీన్ ఉంటుంది పిన్నీ. బాబాయ్ అనుకో."

"అయితే పనికిరాదు."

"వింటున్నా," అన్నాడు బాబాయ్ పేపర్ వెనక నుంచి.

"బాబాయ్ చేతిలో కుక్క గొలుసుంది. ఆ కుక్క వదిలితే తిన్నగా పోయి కొన్ని జన్యువుల మీద కూర్చుంటుంది. అది కూర్చుంటేనే కణం ఆ జన్యువుల్ని చదవడం మొదలెడుతుంది. వాటిలో ఏముంటుందంటే, రెండవ్వు, నాలుగవ్వు, ఆగకు. బాబాయ్ గొలుసు పట్టుకున్నంతసేపూ అవి మూసిన పుస్తకాలే."

"మరి ఎందుకు వదుల్తాడు?"

"నువ్వు సంచులు తగిలిస్తావు గనక."

పిన్ని దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. సంతకి వెళ్లినప్పుడు బాబాయ్ చేతిలో కుక్క గొలుసు. కుక్క పేరు సింహం, సైజు చెప్పుల డబ్బా అంత. పిన్ని కొన్నవన్నీ బాబాయ్‌కే తగిలిస్తుంది. భుజాన ఒక సంచి, బాబాయ్ కదల్లేదు. మోచేతికి ఒకటి, కాస్త వంగాడు. మెడలో ఒకటి. చివరికి గొలుసు పట్టుకున్న చేతి బొటనవేలికి నిమ్మకాయల సంచి, అన్నిటిలోకీ చిన్నది. అంతే, గొలుసు జారింది, సింహం చేపల కొట్లోకి దూరింది. ఆ నష్టం నుంచి సముద్రం ఇంకా కోలుకోలేదు.

"ఆ సంచే ఫాస్ఫేట్, ప్రోటీన్‌కి తగిలించే చిన్న రసాయనం," అన్నాను. "బాబాయ్ ఒంటి నిండా కొక్కేలున్నాయి. ఒకటి రెండు తగిలిస్తే ఓర్చుకుంటాడు. ఎన్ని తగిలించారన్నదే కాదు, ఎక్కడ తగిలించారన్నది కూడా ముఖ్యం. ఒక్కో కొక్కెం ఒక్కోలా వంచుతుంది. అన్నీ నిండాయా, మనిషి ఆకారమే మారిపోయి గొలుసు వదిలేస్తాడు."

"మరి ఈ మాత్ర?"

"నిన్ను సంతకి పోనివ్వదు."

"దుర్మార్గం," అంటూ మొదటి మాత్ర మింగింది పిన్ని.

అదీ సంగతి. ఇప్పుడు ఆ సంచులు ఆగాయో లేదో చెప్పే ట్యూబు నా బల్ల మీద మీసంతో కూర్చుని ఉంది.

పని మొదలుపెట్టాను. నేనని అనడం తప్పే, నా చేతులు మొదలుపెట్టాయి. నేను ఆ మీసాన్నే చూస్తూ ఉన్నాను. సగం కణాలు ఫ్రీజర్‌లో దాచి, మిగతా సగం మంచు మీద పగలగొట్టాను. ప్రోటీన్లని జెల్ అనే మెత్తటి పలకలో వరసగా ఉన్న గడుల్లో పోశాను. పిన్నివి ఒక గడిలో, మిగతా రోగులవి కొన్నిటిలో, చివర ఏమీ పోయని ఖాళీ గడి ఒకటి. జెల్ లోంచి వాటిని పల్చటి పొరల మీదికి దింపాను. ఒక్కో కొక్కేనికి తగిలిన సంచిని గుర్తుపట్టే యాంటీబాడీ వేరు, అందుకని ఒక్కోదానికి ఒక్కో పొర. యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటుకోకుండా పొర మీద ఖాళీ జాగాని ముందే కప్పాలి. ఆ పనీ చేశాను. గిన్నెల్లో పొరలు తెల్లటి ద్రవంలో ఊగుతుంటే, నా మోకాళ్లు వాటితో పాటే ఊగాయి.

"నీకు చలేస్తోందా?" అన్నాడు పక్క బల్ల దగ్గర నుంచి రాయి.

రాయి మా సీనియరు. మేడమ్ కూడా అతన్ని రాయి అనే పిలుస్తుంది. మొహంలో ఒక్క కండరం కదలదు. ఒకసారి అతని గ్లౌజులో ప్లాస్టిక్ బల్లిని పెట్టాను. బల్లితో సహా తొడుక్కుని సాయంత్రం దాకా పని చేసి, వెళ్లేటప్పుడు "నీదేనా?" అని తిరిగిచ్చేశాడు.

"లేదు రాయిగారూ, బాగానే ఉన్నా," అన్నాను. గిన్నెల్లో యాంటీబాడీలు పోసి చల్లగదిలో పెట్టి ఇంటికెళ్లాను. ఆ రాత్రి పడుకున్నానని చెప్పుకోవడానికి మంచమే సాక్ష్యం.

మర్నాడు పొద్దున్నే పొరల్ని కడిగి చీకటిగదిలో ఫోటో తీసే యంత్రంలో పెట్టాను. సంచి తగిలించి ఉన్నచోట నల్లటి గీత పడుతుంది, లేనిచోట పడదు. తెర మీద బొమ్మ మెల్లగా తేలుతుంటే మొత్తం చూసే ధైర్యం లేకపోయింది. పిన్ని గడిని ఒక్కదాన్నే పట్టుకుని పెద్దది చేశాను.

నలుపు. రెండో పొర కూడా నలుపు. మూడోది తారు రోడ్డులా ఉంది. ఏ కొక్కెం చూసినా నిండు సంచి. గొలుసు జారిపోయింది, సింహం పరుగెత్తుతోంది, లోపల పుస్తకాలన్నీ తెరిచేసి ఉన్నాయి. మాత్ర ఏమీ చెయ్యట్లేదు.

ఆ చీకటిగదిలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏసీ ఆగినట్టు, గాలే ఆగినట్టు అనిపించింది. నాకొచ్చిన ఒకే ఒక్క ఆలోచన, పిన్ని లేకపోతే లోకంలో ఇంకెవరికీ మీసాలుండవు.

మధ్యాహ్నం ముందు ఫోన్ మోగింది. పిన్నే. చూపించుకోవడానికి వచ్చిందట, క్యాంటీన్‌లో ఉందట, రమ్మంది.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదనిపిస్తే థర్మామీటరు వెతకరు, ఒక జోకేసి చూస్తారు. జోకుకి జోకు తిరిగొస్తే మనిషి బాగున్నట్టు. రాకపోతే డాక్టరుని పిలుస్తారు. అమ్మకి ఇలాగే అపెండిక్స్ కనిపెట్టారు.

పిన్ని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. తలకి ఉన్ని టోపీ. ముందున్న కాగితం కప్పుకి అప్పటికే మీసం వచ్చేసింది.

"రావే కోతీ. నా మీసం చేరిందా?"

"చేరింది."

"నర్సుకి చెప్పా, అది మా వంశం ముద్ర, లేకపోతే నా కణాలు అలుగుతాయని. పాపం, అడ్డం తిరిగి నిలబడి మరీ గీయనిచ్చింది." పిన్ని ముందుకి వంగింది. "చెప్పు, బాబాయ్‌కి సంచులు నిండాయా?"

ఇక్కడ నేను ఒక జోకెయ్యాలి. ఏదైనా సరే. బాబాయ్ ఇప్పుడు తలమీద కూడా మోస్తున్నాడనో, సంచులు లేక బాబాయ్ గాలికెగిరిపోయాడనో. నోరు తెరిచాను. నా నాలుక నాది కాదు.

"టీ చల్లారిపోతోంది పిన్నీ," అన్నాను.

మా వంశంలో ఇంతకంటే దారుణమైన మాట ఎవరూ అని ఉండరు.

పిన్ని నన్నే చూసింది. పెన్నుకి క్యాప్ పెట్టింది. అది టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"సరేలే," అంది.

"పిన్నీ, నేనేం అనలేదు!"

"అనలేదు. అదేగా."

"అది కాదు..."

"చూడవే. నోరంతా పుళ్లు. మంచినీళ్లు కూడా మంట. మెట్లెక్కితే బాబాయ్ కంటే నేనే ముసలిదాన్లా ఉన్నా. పనిచేస్తోందంటే ఎంతైనా ఓర్చుకుంటా. చెయ్యనిదానికి ఈ తిప్పలెందుకు? పైకెళ్లి డాక్టరుతో చెప్పేస్తా, ఇక మానేస్తానని. ఉన్నన్నాళ్లూ నోటికి రుచిగా తింటా." లేచి నా తల మీద చెయ్యేసింది. "నువ్వేం బెంగపెట్టుకోకు. నీకు బెంగ నప్పదు, మొహం అప్పడంలా అవుతుంది."

జోకు. దానికీ నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి రాయి చీకటిగదిలో ఉన్నాడు. నేను మూయడం మర్చిపోయిన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొమ్మని చిన్నది చేసి, పొర మొత్తం చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఈ చివరి గడిలో ఏం పోశావు?"

"ఏం లేదు. అది ఖాళీ గడి."

"దీనికి కూడా జబ్బేనా?"

చూశాను. ఖాళీ గడి నల్లగా ఉంది. దాని పక్కన, ఏ గడీ లేని అంచు కూడా నల్లగా ఉంది. పిన్ని ఒక్కదానివే కాదు, అందరివీ, ఎవరివీ కానివీ, పొర పొరంతా నలుపే. నేను చూసింది ఒక్క గడినే.

"పొరని దేంతో కప్పావు?" అన్నాడు రాయి.

గిన్నెల్లో ఊగిన ఆ తెల్లటి ద్రవం కళ్లముందుకొచ్చింది.

మామూలు పనికైతే పాలపొడి కలిపిన నీళ్లతో కప్పుతాం. ఫాస్ఫేట్లు వెతికే పనికి మాత్రం పాలు ముట్టుకోం. పాలలో ఉండే ప్రోటీనే ఒళ్లంతా ఫాస్ఫేట్లు మోసుకు తిరుగుతుంది. పాలతో కప్పడమంటే, లోకంలో ఉన్న బాబాయిలందర్నీ నిండు సంచులతో తెచ్చి పొర మీద నిలబెట్టడమే. ఇక యాంటీబాడీ ఎవర్ని పట్టుకోవాలి? అందర్నీ పట్టుకుంటుంది. ఈ పనికి వేరే పొడి ఉంది, ఫ్రిజ్‌లో చిన్న సీసాలో. ఈ సంగతి మా ల్యాబు గోడలక్కూడా తెలుసు. ఆ పాలపొడి డబ్బా మీద "టీకి వద్దు, ఫాస్ఫేట్లకి అసలే వద్దు" అని కాగితం అంటించింది నేనే. దానికి మీసం కూడా గీశాను.

"అంటే మందు పనిచేస్తోందా?" అన్నాను.

"ఆ మాట నేనన్నానా? ఈ ఫోటో ఏమీ చెప్పట్లేదు అంటున్నా. బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు." నావైపు తిరిగాడు. "ఇంత వణుకెందుకు నీకు? ఎవరి ట్యూబు ఇది?"

చెప్పేశాను. మీసం సంగతి, క్యాంటీన్ సంగతి, టీ చల్లారిన సంగతి. రాయి మొహంలో ఏ కండరమూ కదల్లేదు. కానీ తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇంకా నిలబడ్డావేం? పరుగెత్తు."

లిఫ్టు ఎప్పటిలాగే ఇంకో అంతస్తులో విశ్రాంతి తీసుకుంటోంది. మెట్లెక్కాను. ప్రతి మలుపులోనూ, పిన్ని అప్పటికే ఆ మాట అనేసిందని, డాక్టరు సరే అనేశాడని, చీటీ మీద మందు పేరు కొట్టేశాడని కళ్లకి కడుతోంది. కోటు తీయలేదు, గ్లౌజులు తీయలేదు. వరండాలో జనం నన్ను చూసి దారిచ్చారు, ఎవరి ప్రాణమో పోతోందనుకున్నారేమో. నేనూ అదే అనుకుంటున్నాను.

బెంచీ మీద బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. లోపలికెళ్లిందని తలుపు వైపు చూపించాడు. అడక్కుండా తోసేశాను.

"పిన్నీ, పాలు!"

డాక్టరు తలెత్తాడు. "ఇది క్యాంటీన్ కాదమ్మా."

"ఇది మా అక్క కూతురు," అంది పిన్ని నెమ్మదిగా. "కింద ల్యాబులో పిచ్చి పనులు చేస్తుంటుంది."

ఊపిరి అందక, వరస తప్పి, పాల గురించి, ఖాళీ గడి గురించి చెప్పాను. ట్యూబు గుర్తుపట్టానని కూడా చెప్పాను. చెప్పేకొద్దీ డాక్టరు కనుబొమలు దగ్గరపడ్డాయి. పిన్ని మాత్రం నా మొహాన్నే చదువుతోంది.

"నా మొహం చూసి మందు మానకు పిన్నీ. నా మొహానికేం తెలుసు!"

"ఇవాళ్టి మాత్ర ఎలాగూ వేసుకున్నారు," అన్నాడు డాక్టరు పిన్నితో. "మళ్లీ వేసుకోవాల్సింది రేపు పొద్దున. అప్పటిదాకా ఆలోచించుకోండి. మానడం మీ ఇష్టం, కానీ ఇలాంటిదాన్ని చూసి మానొద్దు." ఇలాంటిది అన్నప్పుడు నన్ను చూశాడు. తరవాత ఫోన్ తీసి మా మేడమ్‌కి చేశాడు.

మేడమ్ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"తెలిసీ ముట్టుకున్నావు."

"అవును మేడమ్."

"భయపడే చేతులతో ఈ పని చేయకూడదనే ఆ రూలు పెట్టింది. రోగి కోసం కాదు, నీలాంటి వాళ్ల కోసం."

మిగతా సగం కణాలున్న ట్యూబుల్ని ఫ్రీజర్ నుంచి తెప్పించింది. అన్నిటి లేబుళ్లూ తనే పీకి, తనకొక్కదానికే తెలిసిన కొత్త అంకెలు వేసి రాయి చేతికిచ్చింది. ఇక ఏది ఎవరిదో అతనికీ తెలియదు. నన్ను ఆ గది గుమ్మం తొక్కొద్దంది. నేను బయటికొస్తూ వెనక్కి చూస్తే, మీసం ఉన్న లేబులు ఆమె బల్ల అంచుకి అంటించి ఉంది. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు.

మర్నాడు పొద్దున పిన్ని వాళ్లింటికెళ్లాను. వంటింటి బల్ల మీద గ్లాసుడు నీళ్లు, పక్కన మూతలో మాత్ర. పిన్ని ఎదురుగా కూర్చుని ఉంది. బాబాయ్ గుమ్మం దగ్గర సింహానికి గొలుసు తగిలిస్తున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ జోకెయ్యకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఊ," అంది పిన్ని. "ఏమంటాడు మీ రాయి?"

ఫోన్ తీసి, తను కూడా వినేలా స్పీకర్ పెట్టాను. రాయి చాలాసేపటికి ఎత్తాడు.

"ఫోటో తీశారా రాయిగారూ?"

"తీశా."

"ఎలా ఉంది?"

"చదరంగా ఉంది."

"రాయిగారూ!"

అవతల యంత్రం హోరు వినిపిస్తోంది. "ఏది ఎవరిదో నాకు తెలీదు. తెలిసినా చెప్పను. కొన్ని చోట్ల గీతలున్నాయి, కొన్ని చోట్ల లేవు. ఒకే గడిలో ఒక కొక్కేనికి ఉంది, ఇంకోదానికి లేదు, అలాంటివీ ఉన్నాయి. వాటి లెక్క మేడమ్ చూసుకుంటుంది. ఆ జన్యువుల్ని కణం నిజంగా చదువుతోందో లేదో కూడా చూడాలి. ఖాళీ గడి మాత్రం ఖాళీగా ఉంది. ఇంతవరకే చెప్పగలను." పెట్టేశాడు.

పిన్ని గ్లాసు అంచు మీద వేలు తిప్పుతోంది. ఆ వేలు సన్నగా వణుకుతోంది. పిన్ని వేలు వణకడం నేనెప్పుడూ చూడలేదు, మీసాలు వంకరపోతాయని తను అలా జరగనివ్వదు.

"అంటే?" అంది.

"అంటే ఈసారి ఫోటో అబద్ధం చెప్పట్లేదు. ఏం చెప్తోందో నాకు తెలీదు పిన్నీ. నిజంగా తెలీదు."

"భయంగా ఉందా?"

"చాలా."

"నాకూనే." తలెత్తింది. "అయితే ఒక జోకెయ్."

నిన్న క్యాంటీన్‌లో జోకు దగ్గరే ఆగిపోయాను. ఇవాళ దాచాల్సిందేమీ లేదు, అంతకు మించి తేడా లేదు. గుమ్మం వైపు చూశాను. బాబాయ్ రెండు చేతులతో గొలుసు పట్టుకుని, మమ్మల్ని చూడనట్టు నటిస్తూ నిలబడ్డాడు.

"పిన్నీ, మీ ఆయన ఒంటి మీద ఇవాళ ఒక్క సంచీ లేదు. నువ్వు సంతకి పోయి చాలా రోజులైంది. పాపం, చేపల కొట్టువాడు బెంగతో మంచం పట్టాడట."

మరీ గొప్ప జోకు కాదు. పిన్ని నా మొహం మీద ఏదో వెతికింది. తరవాత మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. పుళ్లు మండినట్టున్నాయి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"గొలుసు గట్టిగా పట్టుకోండి," అంది కళ్లు తెరవకుండానే.

"పట్టుకున్నా," అన్నాడు బాబాయ్.

సింహం బయటికి లాగుతోంది. గొలుసు బిగుసుకుంది. బాబాయ్ పిడికిలి తెల్లబడింది. నేను ఆ పిడికిలినే చూస్తూ నిలబడ్డాను.